అమ్మ కుట్టుమిషన్ మీద రెండేళ్లు

2020 మార్చిలో, లాక్‌డౌన్‌కు నాలుగైదు రోజుల ముందు, అమీర్‌పేట హాస్టల్ ఖాళీ చేసి ఆఫీసు ల్యాప్‌టాప్‌తో తెనాలి చేరుకున్నాను. హాస్టల్ అద్దె మిగిలింది, రాయదుర్గం మెట్రోలో నిలబడే బాధ తప్పింది, పూటపూటా అమ్మ వంట. మొదటి నెల సంబరంగానే గడిచింది.

మాది రెండు గదుల ఇల్లు. అమ్మ జాకెట్లు కుట్టే మిషన్‌ను లోపలికి మడిచి, ఆ బల్లమీదే ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. ఆలోచనలో పడ్డప్పుడల్లా నాకు తెలియకుండానే పాదం కింద తొక్కుడు పలకను ఆడించేది, చక్రం కిర్రుమనేది, మీటింగులో అవతలివాళ్లు ఆ చప్పుడేమిటని అడిగేవారు.

అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ప్రోగ్రాములో తప్పెక్కడుందో వెతికేటప్పుడు గంటల తరబడి తెరవైపు చూస్తూ కూర్చోవడమే పని. ఆఫీసులో అలా కూర్చున్నవాడిని ఎవరూ కదిలించరు. ఇంట్లో మాత్రం, టకటకా టైపు చేస్తే తప్ప, ఖాళీగా ఉన్నట్టే లెక్క. “ఊరికే కూర్చున్నావుగా నాన్నా, కాస్త కరివేపాకు తెచ్చిపెట్టు” అనే అమ్మను తప్పుపట్టలేను. వెళ్లి వచ్చేసరికి పట్టుకున్న కొస జారిపోయేది, పోయిన ఆ గంట రాత్రి పదకొండుకు పూడేది.

చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ సంస్థ కాల్‌సెంటర్‌లో 2010-11లో, స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం తొమ్మిది నెలలు చేసిన ప్రయోగంలో, ఇంటినుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం పెరిగింది. ఆ లెక్కను మా మేనేజర్లు కూడా తరచు చెబుతుంటారు. కానీ అందులో చేరడానికి సొంతంగా ఒక గది ఉండాలన్న నిబంధన ఉందని, ప్రయోగం ముగిశాక అలాంటివారిలోనూ దాదాపు సగం మంది ఒంటరితనం భరించలేక ఆఫీసుకే తిరిగి వెళ్లారని ఎవరూ చెప్పరు.

ఆ ఏడాది మా జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి పరిస్థితి నాకన్నా కష్టం. పక్క కుర్చీలోకి తొంగిచూసి నేర్చుకునే అవకాశం లేక, చిన్న సందేహానికి కూడా సందేశం రాసి, అది అడగొచ్చో లేదో తేల్చుకోలేక చెరిపేసేదట.

2022లో వారానికి మూడు రోజులు రమ్మన్నప్పుడు, అయిదు రోజులూ వస్తానని రాసిచ్చాను. నిజానికి ఆ ఇంట్లో ముందునుంచీ ఇంటిపట్టున పనిచేస్తున్నది అమ్మే. ఆ రెండేళ్లూ నా పని ముగిశాక, ట్యూబులైటు కింద కళ్లు చికిలించుకుంటూ కుట్టింది. నేను బస్సెక్కిన రోజు మధ్యాహ్నమే మిషన్‌ను కిటికీ దగ్గరికి జరుపుకుందట.