పన్నెండూ ఐదుకి తీసిన రక్తం

అక్క ఫోన్ చేసేసరికి రాత్రి పదకొండు దాటింది. "బావకు యాక్సిడెంట్ అయిందిరా, 108లో తీస్కపోతున్నరట" అని ఒక్క ముక్క చెప్పి ఏడుపు అందుకుంది. 2023 మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. బావ చిట్యాలలో దావత్‌కి వెళ్లి బైక్ మీద ఒక్కడే తిరిగి వస్తున్నాడు. నార్కట్‌పల్లిలో హైవే దిగి నల్గొండ రోడ్డు ఎక్కాక, ఎదురుగా వచ్చిన కారు గుద్ది, ఆగకుండా పోయింది. అప్పుడు టైమ్ పదీ నలభై. కారు నంబర్ ప్లేట్ మాత్రం విరిగి రోడ్డు మీదే పడింది. ఆ ప్లేట్ దొరక్కపోతే మేం ఇంకా ఎవరి వెంట తిరుగుతుండేవాళ్లమో.

నేను దవాఖానకు వెళ్లేసరికి బావ క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద ఉన్నాడు. పెట్టుకున్నది సగం హెల్మెట్. తల దక్కింది కానీ దవడ విరిగింది, కుడికాలు రెండు చోట్ల విరిగింది. నోటి నిండా రక్తం. మనుషుల్ని గుర్తుపడుతున్నాడు, మాట రావట్లేదు.

అప్పుడే కానిస్టేబుల్ వచ్చాడు, చేతిలో బ్రీత్ అనలైజర్ మిషన్‌తో. బావ మొహం చూసి దాన్ని మళ్లీ సంచిలో పెట్టేశాడు. దవడ విరిగిన మనిషి ఎక్కడ ఊదుతాడు? "దావత్ నుంచి వస్తున్నడు కదా, బ్లడ్ తీపియ్యాలె" అని ఒక కాగితం రాసి డ్యూటీ డాక్టర్‌కి ఇచ్చాడు.

అది విని మామ, అంటే బావ వాళ్ల నాన్న, లేచి నిలబడ్డాడు. "దెబ్బ తాకినోని నెత్తురు ఎందుకు తీస్తరు సారూ? గుద్దినోణ్ని పట్టుకోండ్రి ముందు" అని అడ్డం తిరిగాడు. నేనూ ఆయన పక్కనే నిలబడ్డాను. నిజం చెప్తున్నా, ఆ రాత్రి నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. బావకు నాలుగేళ్ల కింద పసిరికలు వచ్చినప్పటి నుంచి కల్లు కూడా ముట్టట్లేదు. దావత్‌కి పోయినోళ్లంతా తాగే వస్తారని ఎట్లా అనుకుంటారు? గుద్ది పోయినవాడు ఎక్కడో ఉన్నాడు, మనవాడు రక్తం కారుతూ పడి ఉన్నాడు, అనుమానం మాత్రం మనవాడి మీద. కుట్ర ఉందేమోనని కూడా అనిపించింది. దాదాపు ఇరవై నిమిషాలు వాదించాం.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మది చిన్న వయసే. మమ్మల్ని కసరలేదు. "తాగలేదని మీకు తెలుసు. రేపు కోర్టులో ఎవరన్నా అడిగితే చూపియ్యడానికి మీ దగ్గర ఏముంటది?" అని మాత్రం అడిగింది. మామ నా వైపు చూశాడు. అక్క అప్పటికే బావ చెయ్యి పట్టుకుని, "తియ్యనియ్యండి మామయ్యా" అంది. బావ కూడా కళ్లతోనే సరే అన్నాడు. నేను ఫారం మీద సంతకం పెట్టాను.

రక్తం తియ్యడం రెండు నిమిషాల పని. కానీ అందులో నేను చూసినవి తర్వాత చాలా పనికొచ్చాయి. నర్సు అలవాటుగా స్పిరిట్ దూది అందుకుంటే డాక్టరమ్మ ఆపింది. స్పిరిట్ కూడా ఆల్కహాలే కదా, చర్మం మీది చుక్క సూదితో పాటు లోపలికి పోతే రిపోర్ట్ పాడవుతుందట. మోచేతి మడత దగ్గర సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక గుచ్చారు. రక్తాన్ని బూడిదరంగు మూత ఉన్న ట్యూబ్‌లో పోసి మెల్లగా కిందికీ మీదికీ తిప్పారు. ఆ ట్యూబ్‌లో ముందే సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకపోతే రక్తం నిల్వలో పులిసి, తాగనివాడి శాంపిల్‌లో కూడా ఆల్కహాల్ పుట్టవచ్చట. పేరు, వయసు, ఎంఎల్‌సీ (పోలీసు కేసు కింద దవాఖాన రాసుకునే మెడికో లీగల్ కేసు) నంబర్, తేదీ రాసిన చీటీ అంటించి లక్కతో సీలు వేశారు. డాక్టరమ్మ గోడ గడియారం చూసి చీటీ మీద టైమ్ కూడా రాసింది, పన్నెండూ ఐదు. యాక్సిడెంట్ అయి గంటా ఇరవై అయిదు నిమిషాలు.

కారు నడిపినాయన మర్నాడు పదకొండు గంటలకు, వెంట ఇద్దరు పెద్దమనుషుల్ని పెట్టుకుని, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కి వచ్చాడు. భయపడి వెళ్లిపోయానన్నాడు. పోలీసులు అరెస్ట్ చేసి వెంటనే దవాఖానకు తీసుకెళ్లి రక్తం తీయించారు, పదకొండూ యాభైకి. ఆ పనిలో వాళ్లు ఆలస్యం చేయలేదు. చట్టం అడిగినట్టే చేశారు.

నా గుండె మండింది ఆ చట్టం గురించి తెలుసుకున్నాకనే. మోటారు వాహనాల చట్టంలో 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారి అయితే ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 జరిమానా గానీ, రెండూ గానీ. అరెస్ట్ చేసిన రెండు గంటల్లోపు డాక్టర్ పరీక్ష జరగాలి, జరగకపోతే వదిలెయ్యాలి అని 202వ సెక్షన్ అంటుంది. ఆ రెండు గంటలు లెక్క మొదలయ్యేది అరెస్ట్ నుంచి, గుద్దినప్పటి నుంచి కాదు. ఇక 134వ సెక్షన్ యాక్సిడెంట్ చేసిన డ్రైవర్ వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పాలంటుంది. దెబ్బ తగిలినవాణ్ని దవాఖానకు చేర్చాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది, అది వేరే బాధ. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. రాత్రి 120 ఉన్నవాడికి కూడా ఎనిమిది గంటల్లో ఏమీ మిగలదు. ఆయన వచ్చింది పన్నెండు గంటలు దాటాక.

ఆయన తాగి ఉన్నాడని నేను అనడం లేదు. తాగాడో లేదో ఇక ఎవరూ చెప్పలేరు, నా కడుపుమంట దానికే. నాలుగు నెలల తర్వాత హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి రెండు రిపోర్టులూ వచ్చాయి. బావ దాంట్లో ఇథైల్ ఆల్కహాల్ లేదని ఉంది. ఆయన దాంట్లోనూ అక్షరం పొల్లు పోకుండా అదే మాట. కేసులో నిర్లక్ష్యంగా నడిపిన సెక్షన్లు నిలబడ్డాయి, 185 పెట్టడానికి వీల్లేకపోయింది.

యాక్సిడెంట్ అయిన నాటి నుంచి ఆరు నెలల గడువు దాటకముందే నష్టపరిహారం కోసం నల్గొండలో ట్రిబ్యునల్‌కి వెళ్లాం. 2022 ఏప్రిల్ నుంచి ఆ గడువు పెట్టారు, చాలామందికి తెలియదు. అక్కడ కారు బీమా కంపెనీ కౌంటర్, అంటే మా అర్జీకి జవాబు, వేసింది, బైక్ నడిపిన మనిషే తాగి ఉన్నాడు, తప్పులో సగం అతనిదే అని. చదివి నేను నమ్మలేదు. ఎక్కడిదీ మాట? దవాఖాన కేస్ షీట్‌లో, మొదట చూసినవాళ్లెవరో రాసిన ఒక లైన్: "స్మెల్ ఆఫ్ ఆల్కహాల్ ప్లస్," అంటే మందు వాసన ఉందని. ఆ వాసన ఎక్కడిదో మాకు ఇప్పటికీ తెలియదు. దావత్‌లో ఎవరి గ్లాసన్నా చొక్కా మీద ఒలికిందో, గాయాలు తుడిచిన స్పిరిట్‌దో. ఆ ఒక్క లైన్‌తో మాకు రావాల్సింది సగానికి సగం పోయేది. బావ ఏడు నెలలు పనికి పోలేదు. కాలులో రాడ్ వేశారు, దవడకు తీగలు కట్టి ఆరు వారాలు గంజి, జావ మీద ఉంచారు. ఆ ఖర్చంతా అక్క నగలు కుదువ పెట్టి తెచ్చిందే.

మా వకీలు ముందు పెట్టింది ఆ ల్యాబ్ రిపోర్ట్‌ని. వాసన వచ్చినంత మాత్రాన, నడక తూలినంత మాత్రాన, రక్తపరీక్ష లేకుండా మనిషి తాగి ఉన్నాడని తేల్చలేమని 1971లో బచ్చూభాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట కూడా చూపించాడు. శాంపిల్ ఎప్పుడు తీశారని అవతలి వకీలు అడిగితే చీటీ మీది టైమ్ ఉంది. స్పిరిట్ వాడారా అని అడిగితే, డాక్టరమ్మ సాక్ష్యానికి వచ్చి వాడలేదని చెప్పింది. ఆ రోజు ఆమెకు దండం పెట్టాను. ఇంకో ఊరికి బదిలీ అయి కూడా సెలవు పెట్టుకుని వచ్చింది.

2025లో ట్రిబ్యునల్ అవార్డు, అంటే తీర్పు, వచ్చింది. బావ తప్పు ఉందని ఒక్క రూపాయి కూడా కొయ్యలేదు.

పోలీసులు రక్తం తీయించాలా వద్దా అని ఎవరన్నా నన్నిప్పుడు అడిగితే, తీయించాలనే అంటాను. అయితే సూది డాక్టర్ పర్యవేక్షణలోనే ఉండాలి, పోలీసు చేతికి పోకూడదు. మా పెద్దనాన్న కొడుకు ఫీనిక్స్‌లో ఉంటాడు. వాళ్ల అరిజోనాలో కొందరు పోలీసులకే రక్తం తియ్యడం నేర్పిస్తారని చెబితే నాకు ఒళ్లు జలదరించింది. మన చట్టం ఈ విషయంలో మేలు. ఊదమంటే ఊదనివాళ్ల దగ్గర, ఊదలేకపోయినవాళ్ల దగ్గర అనుమానానికి కారణం ఉంటే రక్తం అడగొచ్చని 204వ సెక్షన్ చెప్తుంది కానీ, దవాఖానలో ఉన్న పేషెంట్ అయితే వైద్యానికి ఇబ్బంది అని డాక్టర్ అభ్యంతరం చెబితే ఆగాల్సిందే. ఆడవాళ్ల రక్తం మగ డాక్టర్ తీస్తే పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి. మన మీద మనమే సాక్ష్యం చెప్పుకున్నట్టు కాదా ఇది అని నేనూ వకీలును అడిగాను. వేలిముద్రలు, చేతిరాత లాంటివి ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లోనే సుప్రీంకోర్టు పదకొండు మంది జడ్జిలతో తేల్చిందని, రక్తం కూడా ఆ కోవలోకే వస్తుందని చెప్పాడు.

నాకు మిగిలిన కోరిక ఒక్కటే. గుద్ది పారిపోయినవాడు ఒళ్లు ఖాళీ అయ్యేదాకా ఆగి వస్తే, ఆ ఆలస్యం అతని మీదే పడేటట్టు చట్టం మారాలి. ఊదనంటే, రక్తం ఇవ్వనంటే ఆ నిరాకరణను కోర్టులో వాడుకోవచ్చని 205వ సెక్షన్ ఉండనే ఉంది. పారిపోవడం కూడా ఇవ్వననడమే కదా. ఇదే మాట రాసి మా ఎమ్మెల్యేకి, ఎంపీకి వినతిపత్రాలు ఇచ్చాను. మళ్లీ ఇస్తాను.

మీ ఇంట్లోవాళ్లకు ఇట్లాంటి రాత్రి రాకూడదు. వస్తే మాత్రం మాలాగా ఇరవై నిమిషాలు వాదించకండి. తాగనివాళ్లయితే రక్తం తియ్యనివ్వండి. స్పిరిట్ వద్దని చెప్పండి, చీటీ మీద టైమ్ రాయించండి, ఆ టైమ్‌ను మీ ఫోన్‌లో కూడా రాసి పెట్టుకోండి. కేస్ షీట్‌లో ఏం రాశారో మర్నాడే అడిగి చూడండి. మేం ఆ షీట్ చూసింది పదకొండు నెలల తర్వాత.