నీలం దాటి బొమ్మ కనిపించాలంటే: సైనోటైప్‌తో నా అనుభవం

సైనోటైప్ అంటే ఇనుప లవణాలు పూసిన కాగితాన్ని ఎండకు పెట్టి నీలి రంగులో బొమ్మ ముద్రించే పాత ఫోటో పద్ధతి. అలాంటి ప్రింటు ముందు నిలబడ్డవాళ్ల నోట ముందుగా వచ్చే మాట "అబ్బ, ఏం నీలం!" అని. ఆ వెంటనే, "ఆకు పెట్టి ఎండలో ఉంచితే అదే పడుతుంది కదా" అంటారు. రెండూ నిజాలే, కానీ చూపు ఇంకా బొమ్మ దాకా చేరలేదన్నమాట. ఇది కళేనా అన్న ఈ అనుమానం పాతదే. 1842లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతి తర్వాతి కాలంలో ఇంజనీర్ల ప్లాన్లకు నకళ్లు తీసే పనిలో స్థిరపడింది. బ్లూప్రింట్ అన్న మాట అలా వచ్చిందే. 1889లో ఫోటోగ్రాఫర్ పీటర్ హెన్రీ ఎమర్సన్ ప్రకృతి దృశ్యాన్ని ఇందులో ముద్రించేవాణ్ణి విధ్వంసకుడితో పోల్చాడు. కానీ 1950 ప్రాంతంలో అమెరికన్ కళాకారులు రాబర్ట్ రౌషెన్‌బర్గ్, సూజన్ వైల్ కలిసి అదే బ్లూప్రింట్ కాగితం మీద మనిషిని పడుకోబెట్టి నిలువెత్తు ముద్రలు తీశారు. పద్ధతి ఒకటే, దాంతో ఏం చేయాలన్న నిర్ణయం మారింది. కళ అవునా కాదా అన్నది నేను ఆ నిర్ణయాల్లోనే వెతుకుతాను.

ద్రావణం తేలికే. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో ఆకుపచ్చ రకం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు, మరో 100 మి.లీ.లో పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు. వేర్వేరు ముదురు సీసాల్లో దాచి, పూసే ముందు సమపాళ్లలో కలుపుతాను. ఫెర్రిసైనైడ్‌ను గాఢ ఆమ్లాల దగ్గరికి రానివ్వకూడదు, విషవాయువు పుడుతుంది. కుంచెకు ఇనుప పట్టీ ఉండకూడదు. ఉంటే తెల్లటి ఆకాశంలో సూదిమొనంత నీలి చుక్కలు తేలతాయి, వాటిని తీయడం కుదరదు.

ఎక్కువ ప్రింట్లు చెడేది కాగితం దగ్గరే. చాలా ఆర్ట్ పేపర్లలో కాల్షియం కార్బొనేట్ కలుపుతారు, అది క్షారం. క్షారం తగిలితే ప్రష్యన్ నీలం, అంటే ప్రింటులోని ఆ నీలి రంగు, విరిగిపోతుంది. అలాంటి కాగితాన్ని 10 శాతం సల్ఫామిక్ ఆమ్లంలో ముంచితే సన్నటి బుడగలు లేస్తాయి. అవి ఆగాక కడిగి ఆరబెడతాను. పూత ఆరినప్పుడు నిమ్మపండు పసుపులో, కొంచెం ఆకుపచ్చ జీరతో ఉండాలి. అప్పటికే బూడిద నీలానికి తిరిగిందంటే ఆ కాగితం పక్కన పెట్టేయాల్సిందే, తెలుపు ఇక తేరదు. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ "ఏదో మసకగా ఉంది" అని ముందుకు సాగిపోతారు.

ఎండలో నీడ భాగాలు బాగా ముదిరి కంచు బూడిద రంగుకు వచ్చేదాకా ఉంచుతాను. భయపడి ముందే తీస్తే సగం రంగు నీళ్లలో పోతుంది. కడిగే మొదటి నీటిలో చిటికెడు సిట్రిక్ ఆమ్లం వేసి, పసుపు పూర్తిగా పోయేదాకా నీళ్లు మారుస్తాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేస్తే నీలం అప్పటికప్పుడు చిక్కబడుతుంది. వేయకపోయినా ఒక రోజు గాలికి ఆరితే అదే లోతు వస్తుంది.

పూత కాగితం మీద పెట్టి ఎండ తగిలించే, వెలుగునీడలు తిరగబడ్డ పారదర్శక ఫిల్మే నెగెటివ్. దాని విషయంలో మాత్రం తొందర పనికిరాదు. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్లుగా ఛాయలున్న స్టెప్ టాబ్లెట్ అనే పట్టీతో పరీక్షించి, ఏ ఛాయ ఎంత ముదురుగా పడాలో చెప్పే కర్వ్‌ను సరిచేసుకోకపోతే మధ్య ఛాయలన్నీ ఒకే నీలంగా ముద్ద కడతాయి. చెంప మీది వెలుగు, దవడ కింది నీడ కలిసిపోయిన ముఖంలో చూసేవాళ్లకు దొరికేది రంగు ఒక్కటే. ఆ రెండూ విడిగా కనిపించినప్పుడు "ఎవరీ మనిషి?" అని అడుగుతారు. నాకు కావాల్సింది ఆ ప్రశ్న.

బొమ్మ నీలం మీదే ఆధారపడి నిలుస్తోందన్న అనుమానం ఉంటే అదే నెగెటివ్‌తో ఇంకో ప్రింటు తీసి, పలచటి సోడియం కార్బొనేట్‌లో నీలాన్ని విరిచి, చిక్కటి టీ డికాక్షన్‌లో గోధుమ రంగుకు తిప్పుతాను. నీలం పోయినా బొమ్మ నిలబడితేనే నీలి ప్రింటును గోడకెక్కిస్తాను. కుంచె గీతల అంచు కూడా అంతే. బొమ్మకు ఆ అంచు అవసరం లేకపోతే పూసే ముందే టేపు వేసి కప్పేస్తాను, లేదంటే కళ్లు అంచు దగ్గరే ఆగిపోతాయి.

ప్రింటును అతికించే మౌంట్‌కు క్షారం కలపని బోర్డే వాడాలి. ఎక్కువ వెలుతురులో నీలం వెలిసిపోతుంది. కొన్నాళ్లు చీకట్లో ఉంచితే చాలావరకు తిరిగి వస్తుంది కనుక, ప్రదర్శన ముగిశాక ప్రింట్లను పెట్టెలో విశ్రాంతిగా పడుకోబెడతాను.