రాయి కనబడని చోట గీత గీయడం: అస్సింట్ మ్యాపింగ్ కబుర్లు

ఈ ఏడు జియాలజీ చదవడానికి యూకే వెళ్తున్న జూనియర్స్ "అక్కా, ఫీల్డ్ ఎట్లుంటుంది" అని మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు, ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నా. నేను మ్యాపింగ్ (ఏ రాయి ఎక్కడిదాకా ఉందో తిరిగి చూసి మ్యాపు మీద హద్దులు గీయడం) చేసింది స్కాట్లాండ్ వాయవ్య మూలనున్న అస్సింట్‌లో. ఇన్వర్‌నెస్ నుంచి అల్లపూల్, అక్కణ్ణుంచి ఇంకా పైకి పోతే ఇంచ్‌నడాంఫ్ అని నాలుగిళ్ళ చోటు. యూకే యూనివర్సిటీలు ఏళ్ళ తరబడి స్టూడెంట్స్‌ని ఆ కొండల మీదకే తోలుతున్నాయి.

ఎందుకంటే మామూలుగా పాత రాయి కింద, కొత్తది పైన ఉంటుంది, అక్కడ రాళ్ళు ఆ వరుస తప్పాయి. అడుగున సుమారు 300 కోట్ల ఏళ్ళ లూయిసియన్ నైస్, దాని మీద 100 కోట్ల ఏళ్ళ టారిడోనియన్ శాండ్‌స్టోన్, పైన కేంబ్రియన్ క్వార్ట్‌జైట్, ఆపైన దాదాపు 50 కోట్ల ఏళ్ళ డర్నెస్ లైమ్‌స్టోన్, ఇక్కడిదాకా బానే ఉంది. ఆ లైమ్‌స్టోన్ నెత్తిన దానికి దాదాపు రెట్టింపు వయసున్న మోయిన్ షిస్ట్ వచ్చి కూర్చుంది! నాకన్ క్రాగ్ అనే కొండచరియలో ఆ రెండూ కలిసే చోట చెయ్యి పెట్టి చూడొచ్చు (సుత్తి మాత్రం బయటికి తియ్యొద్దు, అది రిజర్వ్). సుమారు 43 కోట్ల ఏళ్ళ కింద ఖండాలు గుద్దుకున్నప్పుడు పాత రాయి కిలోమీటర్ల కొద్దీ పడమరకి జరిగి కొత్తదాని మీదకి ఎక్కింది, అదే మోయిన్ థ్రస్ట్.

ఇదేమీ తేలిగ్గా ఒప్పుకోలేదు అప్పటి పెద్దలు. బ్రిటన్ జియలాజికల్ సర్వే డైరెక్టర్ మర్చిసన్ అది మామూలు వరుసే అన్నాడు, కాదు అక్కడ ఫాల్ట్ (రాయి విరిగి జరిగిన చోటు) ఉంది అన్న నికోల్ అనే జియాలజిస్ట్ మాట ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత డైరెక్టరైన గీకీ 1883లో సర్వే జియాలజిస్టులు పీచ్, హార్న్‌లని పంపితే వాళ్ళు మైలుకి ఆరంగుళాల స్కేల్‌లో కొండకొండా తిరిగి గీశాక, మరుసటేడే ఆయన తమదే తప్పని ఒప్పుకోవాల్సొచ్చింది. వాళ్ళ మెమాయిర్, అంటే పూర్తి నివేదిక, వచ్చింది 1907లో.

మన దగ్గర నా డిగ్రీలో ఫీల్డ్ టూర్ అంటే బస్సు దిగడం, సార్ చూపించిన రాయి పేరు రాసుకోవడం, గ్రూప్ ఫోటో, మళ్ళీ బస్సు. అస్సింట్‌లో అయితే ఒక మ్యాపు, రాతి పొరల దిక్కూ వాలూ కొలిచే కంపాస్ క్లైనోమీటర్, లెన్స్, చిన్న యాసిడ్ సీసా చేతికిచ్చి పొమ్మంటారు, తీరా వెళ్తే సగం చోట్ల రాయే కనబడదు, అంతా పీట్, మోకాలిదాకా దిగబడే తడి నేల. అప్పుడు గడ్డి చూడటం నేర్చుకున్నా. పొట్టిగా పచ్చగా గడ్డి ఉండి జింకలు మేస్తుంటే కింద లైమ్‌స్టోన్ ఉండొచ్చు, హెదర్ పొదలూ తెల్లటి రాళ్ళ జారుడూ ఉంటే క్వార్ట్‌జైట్, ట్రాలిగిల్ వాగులో అయితే పారుతున్న నీళ్ళు ఉన్నట్టుండి భూమిలోకి పోతాయి, లైమ్‌స్టోన్ అని ఇంక వేరే చెప్పాలా. యాసిడ్ వేస్తే బుసబుసా పొంగుతుందనుకుంటాం కానీ అక్కడిది చాలావరకు డోలమైట్ (మెగ్నీషియం ఉన్న లైమ్‌స్టోన్ లాంటిది), గీకి పొడి చేసి వేస్తేనే కాస్త పొంగుతుంది. పైప్ రాక్‌ది మాత్రం హాయి, క్వార్ట్‌జైట్ నిండా పురుగుల బొరియల గుర్తులే, దూరం నుంచే పట్టేయొచ్చు.

పగలు పెన్సిల్‌తో గీసింది రాత్రికి ఇంక్‌తో దిద్దాలి. కళ్ళారా చూసిన హద్దుకి నిండు గీత, ఊహించినదానికి తెగిన గీత. మా ట్యూటర్ మ్యాపు అందం చూడదు, ఏదో ఒక నిండు గీత మీద వేలు పెట్టి ఇది చూసి గీశావా అనుకుని గీశావా అని అడుగుతుంది, అంతే, నోరు పెగలదు. నన్నడిగితే ఆ కోర్సు ఫీజుకి సరిపడా చదువు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మర్చిసన్‌ని ఎవరూ అలా అడిగుండరు.

ఇంక సామాను సంగతి. బూట్ల దగ్గర పిసినారితనం వద్దు. ఎండాకాలం గాలి ఆగితే మిడ్జెస్ అని కంటికానని కుట్టే పురుగులు మీద పడతాయి, తలకి నెట్ లేకపోతే నోట్‌బుక్ తెరవలేరు. దాదాపు ఎవరి భూమిలోనైనా మర్యాదగా నడిచే హక్కు స్కాట్లాండ్ 2003 చట్టం ఇచ్చింది కానీ జింకల వేట సీజన్‌లో ముందే అక్కడివాళ్ళకి చెప్పి వెళ్ళండి. వీసా కోసం ఖాళీగా కూర్చున్న రోజుల్లో తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ (వయసులో చాలా తేడా ఉన్న రెండు రాళ్ళు కలిసే హద్దు) చూసి రండి, గ్రానైట్ మీద క్వార్ట్‌జైట్ కూర్చున్న ఆ గీత చూసి స్కెచ్ వేస్తే అస్సింట్‌లో నైస్ మీద శాండ్‌స్టోన్ హద్దు మొదటి రోజే దొరికిపోతుంది. వెళ్ళేటప్పుడు కిటికీ సీటు పట్టుకోండి.