అన్‌ఫిట్ ముద్ర, 3ఎ వైరస్

కువైట్‌కి మళ్ళీ వెళ్దామని 2016లో మెడికల్ చేయించుకుంటే కాగితం మీద ‘అన్‌ఫిట్’ అని ముద్ర కొట్టి ఇచ్చారు. కారణం దగ్గర ‘హెచ్‌సీవీ పాజిటివ్’ అని ఉంది. అదేమిటని అడిగితే కౌంటర్‌లో కుర్రాడు “లివర్ డాక్టరుకి చూపించుకోండి” అని చెప్పి తర్వాతివాళ్ళను పిలిచాడు. నాకు జ్వరం లేదు, కళ్ళు పచ్చబడలేదు, అన్నం సహించకపోవడమన్నదే లేదు. సాయంత్రమయ్యేసరికి కాస్త నీరసంగా ఉండేది, వయసు మీద పడుతోందిలే అనుకునేవాణ్ణి.

హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్. దాని తీరే అంత. ఒంట్లో చేరాక ఇరవై, ముప్పై ఏళ్ళు చప్పుడు చేయకుండా కాలేయాన్ని గట్టిపరుస్తూ పోతుంది. ఆ సంగతి అప్పటికి మా కోనసీమలో నాకు తెలిసినవాళ్ళెవరికీ తెలియదు. చుట్టాలు మొదట అడిగింది “మందు అలవాటుందా?” అని. గుటక వేసి ఎరగనివాణ్ణి, ఎన్నిసార్లని చెప్పను? మా మేనత్త కామెర్లేమోనని పసరు మందు పోసే ఊరికి తీసుకెళ్తానంది. ఆవిడ ప్రేమ కాదనలేనిది కానీ, పసరు మాత్రం వద్దన్నాను.

కాకినాడలో లివర్ డాక్టరు చాలా ఓపికగా చెప్పారు. “మెడికల్‌లో చూసింది యాంటీబాడీలండి, అంటే వైరస్‌తో పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకునేవి. ఎప్పుడో ఒకప్పుడు వైరస్ వచ్చిందని మాత్రమే దాని అర్థం. ఇప్పుడుందా లేదా అన్నది నేరుగా వైరస్‌నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షలోనే తెలుస్తుంది.” అదీ చేశారు. వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, లక్షల్లో వచ్చింది. కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌లో కాలేయం కొంత గట్టిపడింది కానీ, పూర్తిగా మచ్చకట్టి పాడయ్యే సిర్రోసిస్ దాకా పోలేదన్నారు. ఆ మాట విన్నాక బయటికొచ్చి టీ తాగాను. అంతకుముందు వారం రోజుల్లో రుచి తెలిసి తాగిన టీ అదొక్కటే.

తర్వాత వైరస్ ఏ రకమో తేల్చే జీనోటైప్ పరీక్ష రాశారు. రిపోర్టులో ‘3ఎ’ అని వచ్చింది, అంటే మూడో రకంలో ‘ఎ’ అనే ఉపరకం. మందు దాన్నిబట్టి మారుతుందట. ఇంటర్‌ఫెరాన్ అనే పాత మందు సూదుల కాలంలో ఒకటో రకం, నాలుగో రకం వాళ్ళకి ఏడాది పాటు వైద్యం చేసేవారు, రెండు, మూడు రకాలకు ఆరు నెలలు సరిపోయేది. కొత్త మాత్రలు వచ్చాక కథ తిరగబడింది. ఒకటో రకానికి తేలిగ్గా పనిచేసే జోడీ మూడో రకానికి చాలదు. పైగా ఈ మూడో రకం కాలేయంలో కొవ్వు కూడా పేరుస్తుంది. తేలిక రకమని పేరున్నది కాస్తా మొండిదై నా పాలబడింది.

నేను ఏళ్ళ తరబడి స్టోర్స్‌లో లెక్కలు చూసినవాణ్ణి, సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకపోతే నిద్రపట్టదు. అడగ్గా అడగ్గా డాక్టరు కాగితం మీద ప్రపంచపటం గీసి మరీ చూపించారు. ఈ వైరస్ జన్యు సంకేతం సుమారు 9,600 అక్షరాల పొడవు. దాన్ని నకలు తీసే ఎంజైముకు తప్పులు దిద్దుకునే అలవాటు లేదు, కాబట్టి ఒక్క మనిషి ఒంట్లోనే వైరస్ రకరకాలుగా మారిపోతూ ఉంటుంది. శతాబ్దాల తరబడి అలా మారి మారి, ఒక జీనోటైప్‌కీ మరోదానికీ ఆ అక్షరాల్లో దాదాపు 30 శాతం తేడా వచ్చేసింది. ఒక రకంలో ఉపరకాలు ఎక్కడ ఎక్కువగా కనిపిస్తే అక్కడ అది పాత కాపు అని లెక్క. ఆ లెక్కన రెండో రకం పశ్చిమ ఆఫ్రికాది, నాలుగోది మధ్య ఆఫ్రికాది, ఆరోది ఆగ్నేయాసియాది. మూడోది మన దక్షిణాసియాది. ఇక్కడి 3ఎ ఇరవయ్యో శతాబ్దంలో మత్తుమందు ఎక్కించుకునేవాళ్ళ సూదుల వెంట యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాలకు పాకింది. 2018లో ఎనిమిదో రకాన్ని కూడా కనిపెట్టారు. అది దొరికింది కెనడాలో, కానీ ఆ రోగుల మూలాలు పంజాబ్‌లో ఉన్నాయి.

కువైట్‌లో నాతో పనిచేసిన ఈజిప్టు మిత్రుడికి ఫోన్ చేశాను. వాళ్ళ నాన్నకు ఇదే జబ్బు, కాకపోతే నాలుగో రకం. నైలు కాలువల్లో దిగి పనిచేసే రైతులకు నత్తల వల్ల వచ్చే బిల్హార్జియా అనే పురుగుల జబ్బుండేది. దాన్ని పోగొట్టాలని 1950ల నుంచి 1980ల దాకా ప్రభుత్వమే ఊరూరా టార్టార్ ఎమెటిక్ అనే యాంటిమొనీ మందును సూదులతో ఎక్కించింది. సరిగా శుభ్రం చేయని ఆ సూదులతోనే హెపటైటిస్ సి కూడా ఒకరి నుంచి మరొకరికి ఎక్కింది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అసలు ఈ వైరస్‌ను కనిపెట్టి పేరు పెట్టిందే 1989లో. ఆ పనికి ఆల్టర్, హౌటన్, రైస్ అనే శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చేసరికి 2020 అయింది.

మరి నాకెలా వచ్చింది? చిన్నప్పుడు మా ఊరి డాక్టరు స్టీలు డబ్బాలో గాజు సిరంజి, నాలుగైదు సూదులు వేసుకుని సైకిల్ మీద వచ్చేవారు. కిరోసిన్ స్టవ్ మీద నీళ్ళు మరిగీ మరగకముందే పట్టకారుతో సూది తీసి, వరుసగా కూర్చున్న పిల్లలకు వేసుకుంటూ పోయేవారు. సూది లేకుండా పంపిస్తే మా పెద్దవాళ్ళకే డాక్టరు మీద నమ్మకం పోయేది. 1990ల్లో బైకు ప్రమాదమై రెండు సీసాల రక్తం కూడా ఎక్కించారు. అప్పటికి మన రక్తనిధుల్లో ఈ పరీక్ష తప్పనిసరి కాలేదు. 3ఎ అన్నది ఏ ప్రాంతపు వైరస్సో చెబుతుంది కానీ, ఏ సూదో చెప్పదు. ఆరా తీయడం అక్కడితో మానేశాను.

మందు సంగతి వేరే ముచ్చట. కొత్త మాత్రల్లో ఒకటైన సోఫోస్‌బువిర్ 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు మాత్ర ఒక్కటి వెయ్యి డాలర్లు. నేను వాడేనాటికి మన దేశపు కంపెనీలు, హైదరాబాద్ కంపెనీలు సహా, అదే మందును అందులో ఏ మూలకో వచ్చే ధరకు అమ్ముతున్నాయి. నెలకో సీసా, సీసాకు 28 మాత్రలు. దానికి తోడు డక్లాటాస్‌విర్ అనే మరో మాత్ర. మొత్తం 12 వారాలు. అప్పుడప్పుడూ తలనొప్పి, మధ్యాహ్నం పూట ఒళ్ళు తూలినట్టుండటం, అంతకుమించి ఇబ్బందేమీ లేదు. ఇంట్లోవాళ్ళందరికీ పరీక్షలు చేయించాం, ఎవరికీ లేదు. దానికి మా ఆవిడ మొక్కు చెల్లించుకుంది, నేను కాదనలేదు. 2018 నుంచి హెపటైటిస్ నియంత్రణ జాతీయ కార్యక్రమం కింద ఈ మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. నాకంటే వెనక వచ్చినవాళ్ళు అదృష్టవంతులు.

మందు ఆపిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ జాడ లేదు. దాన్నే నయమవడం అంటారు. రిపోర్టులు పట్టుకుని మళ్ళీ మెడికల్‌కి వెళ్తే మళ్ళీ అన్‌ఫిట్! యాంటీబాడీలు జీవితాంతం రక్తంలో ఉండిపోతాయి, వాళ్ళు చూసేది వాటినే. ఆర్‌ఎన్‌ఏ కాగితం చూపిస్తే పక్కకు తోసేశారు. వైరస్ లేని మనిషిని రోగి అనడం ఏ శాస్త్రమో నాకిప్పటికీ అర్థం కాదు. కువైట్ ఆశ వదులుకుని అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తున్నాను. ఈజిప్టులో మిత్రుడి నాన్నకూ ఉచితంగా ఇచ్చిన మాత్రలతోనే తగ్గింది.

ఒకసారి తగ్గితే మళ్ళీ రాదన్న భరోసా లేదు. ఇన్ని రకాలుగా మారే వైరస్‌కు ఇంకా టీకా రాలేదు, నా రక్తంలోని యాంటీబాడీలూ అడ్డుకోలేవు. అందుకే సెలూన్లో కుర్చీ ఎక్కగానే కొత్త బ్లేడు విప్పమంటాను. “ఇప్పుడే మార్చానండి” అన్నా సరే, నా కళ్ళముందు మరోటి విప్పాల్సిందే. మొదట్లో చిరాకుపడేవాడు. ఇప్పుడు నన్ను చూడగానే కొత్త బ్లేడు బయటికి తీస్తున్నాడు.