దెన్షవాయ్ పావురాలు

కైరోలో, నైలు ఒడ్డున గార్డెన్ సిటీలో బ్రిటిష్ రాయబార కార్యాలయం ఉంది. లార్డ్ క్రోమర్ హయాంలో కట్టిన భవనం. 1883 నుంచి 1907 దాకా ఈజిప్టును నడిపించిన ఆ మనిషికి పేరుకు ఉన్న హోదా కాన్సుల్ జనరల్, అంటే బ్రిటన్ ప్రతినిధి మాత్రమే. పైన ఖెదీవ్ అనే ఈజిప్టు పాలకుడు ఉన్నాడు, మంత్రివర్గం ఉంది. క్రోమర్ సలహా ఇచ్చేవాడు, అంతే. కానీ ఆ సలహా వినని మంత్రి తప్పుకోవాల్సిందేనని 1884లో లండన్ తేల్చి చెప్పింది. సూడాన్ విషయంలో తలవంచని ప్రధాని షరీఫ్ పాషా అలాగే దిగిపోయాడు. కోఠిలో, నిజాంకు సలహాలిచ్చే బ్రిటిష్ ప్రతినిధి ఉండిన రెసిడెన్సీ భవనం చూసిన హైదరాబాదు వాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. క్రోమర్ అంతకుముందు మన దేశంలోనే వైస్రాయ్ దగ్గర కార్యదర్శిగా, తర్వాత ఆర్థిక సభ్యుడిగా పనిచేశాడు.

మర్నాడు షిబిన్ ఎల్ కోమ్ మీదుగా దెన్షవాయ్ వెళ్లాను. నైలు డెల్టాలో పల్లెటూరు. ఆ ప్రాంతమంతా మట్టితో కట్టిన పావురాల బురుజులు కనిపిస్తాయి. గోడల నిండా కన్నాలు, పక్షులు వాలడానికి గుచ్చిన కర్రలు. ఒకదాని కింద నిలబడితే లోపల నుంచి ఆగకుండా కువకువలు. మాంసం ఇంటికి, రెట్ట పొలానికి. రైతుకు ఇవి పెంపుడు ఆస్తి.

1906 జూన్ 13న బ్రిటిష్ అధికారులు వేటకు వచ్చి కాల్చింది ఈ పావురాలనే. కల్లం అంటుకుంది, ఒక స్త్రీకి తూటా తగిలింది, జనం కర్రలతో తిరగబడ్డారు. దెబ్బలు తిని ఎండలో పరుగెత్తిన ఒక కెప్టెన్ వడదెబ్బతో చనిపోయాడు. దానికి నలుగురికి ఉరి, మరికొందరికి జైలు, కొరడా దెబ్బలు. జూన్ 28న, ఊరివాళ్లు చూస్తుండగా శిక్ష అమలు చేశారు.

క్రోమర్ అప్పుడు దేశంలో లేడు. అయినా అతని బాధ్యత లేదని నేను ఒప్పుకోను. బ్రిటిష్ సైనికులపై దాడుల కేసుల కోసం అప్పీలు లేని ప్రత్యేక న్యాయస్థానం 1895లో అతని ఏలుబడిలోనే పుట్టింది. ఈ కేసులో దానికి అధ్యక్షుడు బుత్రోస్ ఘాలీ, సభ్యుల్లో ఒకడు అహ్మద్ ఫత్హీ జగ్లూల్. ఇద్దరూ ఈజిప్షియన్లే. ఆ ఊళ్లో నన్ను అన్నిటికన్నా కలచివేసింది ఇదే: సొంత రైతులకు సొంతవాళ్ల చేతే ఉరి వేయించారు.

ఈజిప్టు జాతీయవాది ముస్తఫా కామిల్ ఈ ఘోరాన్ని పారిస్ పత్రికకెక్కించాడు. మరుసటి ఏడాది క్రోమర్ పదవి వదిలాడు. 1908లో ప్రధాని అయిన ఘాలీని 1910లో ఇబ్రహీం అల్ వర్దానీ అనే యువకుడు కాల్చి చంపాడు. అతను చెప్పిన కారణాల్లో దెన్షవాయ్ ఒకటి. ఫత్హీ అన్న సాద్ జగ్లూల్ 1906లో విద్యామంత్రి అయింది క్రోమర్ అండతోనే. స్వాతంత్ర్యం అడిగిన ఆ సాద్‌నే 1919లో బ్రిటిష్‌వాళ్లు మాల్టాకు పంపించేస్తే ఈజిప్టు మొత్తం తిరగబడింది.