రెండో గీత చెప్పేదెంత: గర్భ పరీక్ష కిట్‌తో నా అనుభవం

గర్భ పరీక్ష కిట్ పెట్టె మీద 99 శాతానికి మించిన కచ్చితత్వం అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ మాట ఏ రోజు నుంచి వర్తిస్తుందో మాత్రం లోపల మడిచిపెట్టిన కాగితంలో చిన్న అక్షరాలతో ఉంటుంది: నెలసరి రావలసిన రోజు నుంచి. నాలాంటివాళ్లకు చిక్కంతా ఆ ఒక్క షరతుతోనే. నా నెలసరి ఒకసారి 28 రోజులకు వస్తే ఇంకోసారి 40 దాటుతుంది. రావలసిన రోజు అంటూ ఒకటి ఉంటే కదా, అది తప్పిందని చెప్పడానికి!

అందుకే పరీక్ష చేసుకునే ముందు ఈ కిట్ అసలు దేన్ని వెతుకుతుందో చదివి తెలుసుకున్నాను. అది వెతికేది హెచ్‌సీజీ అనే హార్మోనును. అండం ఫలదీకరణ చెందగానే ఆ హార్మోను మన మూత్రంలోకి వచ్చేయదు. ఫలదీకరణ చెందిన అండం అండాశయం వైపు నుంచి గర్భాశయానికి వెళ్లే నాళంలో ప్రయాణించి, గర్భాశయానికి చేరి, దాని గోడకు అతుక్కోవాలి. అండం విడుదలైన రోజు నుంచి చూస్తే అందుకు 6 నుంచి 12 రోజులు పడుతుంది. ఎక్కువ మందిలో 8 నుంచి 10 రోజుల మధ్య జరుగుతుంది. అతుక్కున్న తర్వాతే హెచ్‌సీజీ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. తొలి వారాల్లో రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతూ పోతుంది. మామూలు కిట్లలో చాలావరకు మిల్లీలీటరు మూత్రంలో 25 మిల్లీ యూనిట్లు ఉంటే పట్టుకుంటాయి. అంతకంటే తక్కువలోనే పట్టుకునేవీ ఉన్నాయి.

ఇది తెలిశాక క్యాలెండర్‌లో నెలసరి తేదీలు లెక్కపెట్టడం మానేశాను. అసలు లెక్క అండం విడుదలైన రోజు నుంచి మొదలవుతుంది. నెలసరి క్రమం తప్పేవాళ్లలో ఆ రోజు ముందుకూ వెనక్కూ జరుగుతూ ఉంటుంది. అదెప్పుడో తెలియనప్పుడు చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు ఆగి పరీక్ష చేసుకుంటే ఫలితాన్ని చాలావరకు నమ్మవచ్చు. నేను 21 రోజులు ఆగానా అంటే, లేదు. ఆగడం మంచిదని తెలిసినా ఆగలేని పనులు కొన్ని ఉంటాయి.

ఫలితం కోసం ఆగవలసిన ఆ మూడు నిమిషాలు గడవడమే కష్టంగా ఉందని విసుక్కుంటున్నప్పుడు చదివిన సంగతి ఒకటి చెప్పాలి. 1967లో మార్గరెట్ క్రేన్ అనే డిజైనర్ ఇంట్లో చేసుకునే గర్భ పరీక్షకు తొలి నమూనా తయారు చేసింది. అందులో ఒక గాజు గొట్టం, దాని అడుగు కనిపించేలా కింద ఒక అద్దం. మూత్రం, రసాయనాలు కలిపి కదపకుండా రెండు గంటలు ఉంచాలి. అప్పుడు అడుగున ఎర్రటి వలయం ఏర్పడిందో లేదో అద్దంలో చూసుకోవాలి. స్త్రీలు తమంతట తాము ఇంట్లో చేసుకుంటే డాక్టర్ల పని ఏమవుతుందని ఆమె పనిచేసే కంపెనీ మొదట ఒప్పుకోలేదట. రెండు గంటలు అద్దంలోకి చూస్తూ కూర్చున్నవాళ్లను తలచుకున్నాక మూడు నిమిషాల గురించి నోరెత్తలేదు.

మొదటి పరీక్ష ఉదయం లేవగానే చేసుకున్నాను. రాత్రంతా నిలిచిన మూత్రం చిక్కగా ఉంటుంది కాబట్టి తక్కువ హార్మోను ఉన్నా దొరికే అవకాశం ఎక్కువ. పగలు చేసుకోవలసి వస్తే కనీసం నాలుగు గంటలు ఆపుకోవడం మేలు. త్వరగా వస్తుందని గ్లాసులకు గ్లాసులు నీళ్లు తాగడం మాత్రం పనికిరాదు. కిట్‌లో ఎస్ అని రాసిన గుంటలో చుక్కలు వేస్తే, తడి లోపలి పట్టీ వెంట పాకుతుంది. దారిలో రంగు అంటించిన యాంటీబాడీలు, అంటే హెచ్‌సీజీని పట్టుకునే ప్రొటీన్లు, ఉంటాయి; చాలా కిట్లలో ఆ గులాబీ రంగు అతిసూక్ష్మమైన బంగారు రేణువులది. హెచ్‌సీజీ ఉంటే ఆ రేణువులను వెంటబెట్టుకుని వెళ్లి, టి అని రాసిన చోట కాచుకుని ఉన్న మరో యాంటీబాడీకి చిక్కుతుంది. అక్కడ గీత తేలుతుంది. సి దగ్గర వచ్చే గీతకు హెచ్‌సీజీతో సంబంధం లేదు. పట్టీ సరిగా తడిసింది, పరీక్ష పనిచేసింది అని చెప్పడమే దాని పని. సి గీత రాకపోతే టి దగ్గర ఏమి కనిపించినా ఆ పరీక్ష చెల్లదు, ఇంకో కిట్ తీయవలసిందే.

నాకు సి గీత ఒక్కటే వచ్చింది. కాగితంలో చెప్పిన సమయమంతా చూసి కిట్‌ను చెత్తబుట్టలో వేశాను.

సాయంత్రం మా ఆయన దాన్ని బుట్టలోంచి తీసి, దీపం కింద అటూ ఇటూ తిప్పి, "ఇటు చూడు, ఇంకో గీత ఉంది" అన్నారు. నిజమే, ఏదో ఉంది. సన్నగా, బూడిద రంగులో, ఒక కోణంలో చూస్తే కనిపిస్తూ ఇంకో కోణంలో మాయమవుతూ. పొద్దున్న లేని గీత సాయంత్రానికి ఎలా వచ్చిందంటే, అది ఆరిపోవడం వల్ల వచ్చింది. టి దగ్గర పట్టీ మీద యాంటీబాడీ పూసిన చోటు ఎప్పుడూ ఉంటుంది. తడి ఆవిరయ్యాక ఆ జాడ నీడలా పైకి తేలుతుంది. అందుకే చాలా కిట్ల కాగితాల్లో మూడు నుంచి ఐదు నిమిషాల్లో చూడండి, పది నిమిషాలు దాటాక చూడకండి అని రాస్తారు. నీలం గీత వచ్చే కిట్లలో ఈ నీడను అసలు గీత నుంచి విడదీయడం మరీ కష్టం. ఎవరైనా అడిగితే గులాబీ రంగు కిట్ కొనమనే చెబుతాను. ఆయనకు ఇదంతా చెబితే "అయినా ఉంది కదా" అన్నారు. ఆశకు యాంటీబాడీల గురించి ఎంత చెప్పినా ఒకటే.

నెలసరి రాలేదు. ఒక్క గీత వచ్చినంత మాత్రాన గర్భం లేదని తేల్చేయకూడదు, నెలసరి రాకపోతే కొన్ని రోజుల తర్వాత మళ్లీ చూసుకోవాలి. నాలుగైదు రోజుల ఎడం ఉంటే మంచిది. హార్మోను ఉంటే ఆలోపు ఒకటి రెండుసార్లు రెట్టింపవుతుంది కాబట్టి తేడా తెలుస్తుంది. మళ్లీ చూసుకున్నప్పుడు గడువులోపలే టి దగ్గర గీత వచ్చింది. లేతగా ఉంది, కానీ గులాబీ రంగులో, సి గీతంత వెడల్పుతో, పైనుంచి కింది దాకా పూర్తిగా ఉంది. ఈ మూడూ ఉంటే ఎంత లేత గీతైనా గీతే. రంగు ఉందా, వెడల్పు ఉందా, సమయంలోపు వచ్చిందా. ఫోనులో ఫొటో తీసి వెలుతురు మార్చి, రంగులు పెంచి చూడడం వల్ల లేని గీతలు పుట్టుకొస్తాయే తప్ప కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

అయినా మేమిద్దరం గంతులు వేయలేదు. కారణం ఉంది. అంతకుముందు ఏడాది కూడా ఇలాగే లేత గీత వచ్చింది. ఆ వారం తిరగకుండానే రక్తస్రావం మొదలైంది, మళ్లీ చూసుకుంటే గీత లేదు. కిట్ పాడైపోయిందేమో అనుకున్నాం. డాక్టరు అది కెమికల్ ప్రెగ్నెన్సీ అన్నారు: అండం అతుక్కుంది, హెచ్‌సీజీ పుట్టింది, అంతలోనే ఎదుగుదల ఆగిపోయింది. స్కాన్‌లో కనిపించేంత వరకు కూడా రాలేదు. కిట్ చెప్పింది తప్పు కాదు; ఆ రోజున హార్మోను ఉంది, అది అదే చెప్పింది. నువ్వు ఏదో చేయడం వల్ల ఇలా జరగలేదు, చాలా వరకు క్రోమోజోముల్లో తేడాల వల్లే ఇలా అవుతుంది అని ఆమె రెండుసార్లు చెప్పారు. రెండోసారి చెప్పినప్పుడే నా చెవికెక్కింది.

ఇది ఎంత సాధారణమో తర్వాత చదివాను. 1988లో అలెన్ విల్కాక్స్ బృందం అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించింది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీల మూత్రాన్ని రోజూ పరీక్షించారు. హెచ్‌సీజీ ద్వారా బయటపడిన గర్భాల్లో 22 శాతం వైద్యపరంగా గుర్తించకముందే ముగిసిపోయాయి. పాతకాలంలో అయితే వీటిని కొన్ని రోజులు ఆలస్యంగా వచ్చిన నెలసరి అనుకుని ఊరుకునేవాళ్లు. ముందుగానే తెలుసుకునే సౌకర్యంతో పాటు ఈ దుఃఖం కూడా ఇంట్లోకి వచ్చింది. అందుకని ముందుగా చూసుకోవడం తప్పని నేను అనను. కానీ నెలసరికి ఐదారు రోజుల ముందే చూసుకోవాలని తహతహలాడేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఈసారి గీత రోజురోజుకూ ముదురుతోందా అని వరుసగా కిట్లు పేర్చి చూడాలని నాకూ చెయ్యి లాగింది. మానుకున్నాను. మూత్రం ఎంత చిక్కగా ఉంది, ఆ పట్టీ మీద రంగు ఎంత పడింది అనేదాన్ని బట్టి గీత రంగు మారుతుంది. ఇవి ఉందా లేదా చెప్పడానికి చేసిన కిట్లు, ఎంత ఉందో కొలవడానికి కాదు. గర్భం ముందుకు సాగి హెచ్‌సీజీ మరీ ఎక్కువైనప్పుడు యాంటీబాడీలు చాలక టి గీత లేతబడడం కూడా జరుగుతుంది. అది చూసి బిడ్డకు ఏమో అయిందని హడలిపోయినవాళ్లు ఉన్నారు.

కొలవడానికి రక్త పరీక్ష ఉంది, బీటా హెచ్‌సీజీ. ఫలితం 5 కంటే తక్కువైతే గర్భం లేనట్టు, 25 దాటితే ఉన్నట్టు, మధ్యలో ఉంటే మళ్లీ చేయించుకోవాలి. నాది వందకు కాస్త పైన వచ్చింది. మంచిదేనా అని అడిగితే డాక్టరు నవ్వి, "ఒక్క అంకెతో ఏమీ చెప్పలేనమ్మా, 48 గంటల తర్వాత అదే ల్యాబులో మళ్లీ ఇవ్వండి" అన్నారు. రెండో ఫలితం రెట్టింపు కాలేదు. సగానికి మించి పెరిగింది, అంతే. రెట్టింపు కావాలని అందరి నోటా విని ఉన్నాను కాబట్టి కాగితం చేతిలో పట్టుకునే నీరుగారిపోయాను. ఆమె మాత్రం తాపీగా చూసి, మొదటి విలువ 1500 లోపు ఉన్నప్పుడు 48 గంటల్లో కనీసం 49 శాతం పెరిగితే మామూలు ఎదుగుదల పరిధిలో ఉన్నట్టేనని చెప్పారు. రెట్టింపు అనేది సగటున చెప్పే మాట, అది దాటవలసిన గీత కాదు.

ఆ పరిధిలో ఉన్నంత మాత్రాన గర్భం గర్భాశయంలోనే ఉందని అర్థం కాదని కూడా ఆమే చెప్పారు. నాళంలో అతుక్కున్న గర్భానికీ హెచ్‌సీజీ వస్తుంది, కిట్ మీద అదే గీత వస్తుంది. ఎక్కడుందో స్కానే చెప్పాలి. ఈలోగా పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, రక్తస్రావం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి రమ్మన్నారు. కిట్‌లో ఇచ్చే కాగితాల మీద ఈ మాట అన్నిటికంటే పెద్ద అక్షరాలతో అచ్చు వేయాలని నా అభిప్రాయం.

మొదటి స్కాన్‌లో గర్భాశయంలోనే పిండాన్ని చుట్టి ఉండే సంచి కనిపించింది, లోపల తొలి వారాల్లో పిండానికి పోషణనిచ్చే పచ్చసొన సంచి ఉంది, గుండె చప్పుడు లేదు. చివరి నెలసరి నుంచి లెక్కిస్తే అప్పటికి ఏడు వారాలు దాటాలి. కానీ నాకు అండం ఆలస్యంగా విడుదలైందని మొదట వచ్చిన ఒంటి గీతే చెబుతోంది కదా! డాక్టరూ అదే అన్నారు. కొంత వ్యవధి ఇచ్చి మళ్లీ రమ్మన్నారు. రెండో స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనిపించింది. పిండం పొడవును కొలిచి ప్రసవ తేదీని కొత్తగా లెక్కకట్టారు. నెలసరి తేదీ ప్రకారం రాసిన పాత తేదీని నా ఎదుటే కొట్టేశారు.

ఈ మధ్య నాతో పనిచేసే అమ్మాయి కిట్ ఫొటో పంపి "అక్కా, ఇది గీతే కదా?" అని అడిగింది. గీతే, రంగు కూడా ఉంది. ఎన్ని నిమిషాలకు చూశావని అడిగాను; సమయంలోపే చూసిందట. ఈ మధ్య ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నావా అని అడిగాను. సంతానం కోసం చికిత్స తీసుకుంటోందని తెలుసు. పోయిన వారం అండం విడుదలకు చేశారని చెప్పింది. ఆ ఇంజెక్షన్‌లో ఉండేది సాధారణంగా హెచ్‌సీజీయే, ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి 10 నుంచి 14 రోజులు పట్టవచ్చు, కిట్‌కు దానికీ దీనికీ తేడా తెలియదు, ఆస్పత్రివాళ్లు రక్త పరీక్షకు ఇచ్చిన తేదీ దాకా ఆగు అని వివరంగా రాసి పంపాను. నా సందేశం చేరేలోపే ఆమె ఇంకో కిట్ విప్పేసింది.