ఏ స్కేల్ అన్నా? ఆర్కెస్ట్రాలో బేస్ గిటారిస్టుగా నా అనుభవం

గాయకుడికి గొంతు బాగోలేని రోజు కీబోర్డ్ వాయించే అతను ఒక బటన్ నొక్కుతాడు. పాట మొత్తం ఒక నోట్ కిందికి దిగిపోతుంది. అతని వేళ్ళు మాత్రం రోజూ వాయించే చోటే ఉంటాయి. లోతైన కింది స్వరాలు మోగించే బేస్ గిటార్‌కి అలాంటి బటన్ లేదు. ఆర్కెస్ట్రాలో బేస్ వాయించడం నేర్చుకోవడమంటే నా వరకు ముందు ఈ తేడాను దాటడమే.

మాది రాజమండ్రి. మా గ్రూపులో నలుగురు పాడేవాళ్ళు, కీబోర్డ్, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్), డోలక్, నేను. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, దసరా ఉత్సవాలు, అప్పుడప్పుడూ కాలేజీ ఫంక్షన్లు చేస్తాం. తణుకు, భీమవరం, అమలాపురం, తుని వైపు ఎక్కువగా పిలుస్తారు. సాయంత్రం వ్యాన్ ఎక్కితే తిరిగి ఇల్లు చేరేసరికి తెల్లవారుజామవుతుంది.

నేను బేస్ పట్టుకున్నది చర్చిలో. మా గోదావరి జిల్లాల్లో చాలామంది వాద్యగాళ్ళు అక్కడే తయారవుతారు. ప్రతి ఆదివారం వాయించాలి, పక్కన పెద్దవాళ్ళు ఉంటారు, వాద్యాలు అక్కడే ఉంటాయి. కానీ చర్చిలో ఒక పాట ఏళ్ళ తరబడి ఒకే స్కేల్‌లో, అంటే ఒకే శ్రుతిలో ఉంటుంది. ఆర్కెస్ట్రాలో అలా కాదు. సినిమా పాటను రికార్డింగ్‌లో పాడినవాళ్ళ గొంతు వేరు, స్టేజీ మీద పాడే మనిషి గొంతు వేరు. పైగా అదే మనిషి గొంతు చవితి మొదటి రాత్రి ఉన్నట్టు నాలుగో రాత్రి ఉండదు. పాట మొదలయ్యే ముందు ఆ అయిదారు సెకన్లలో స్కేల్ ఏదో చెబుతారు. అంతే, ఇక వాయించాలి.

ఆ చెప్పడం కూడా ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. భజనల నుంచి, నాటకాల నుంచి వచ్చిన పాత గాయకులు హార్మోనియం లెక్కలో "రెండు శ్రుతి" అంటారు. అంటే పాశ్చాత్య స్వరాల పేర్లలో డి. ఒకటిన్నర అంటే సి షార్ప్, నాలుగంటే ఎఫ్, అయిదంటే జి. కుర్రవాళ్ళు నేరుగా డి అనో, ఎఫ్ అనో అంటారు. కీబోర్డ్ అతను "సి లో వాయించు" అన్నాడంటే మరీ జాగ్రత్తగా ఉండాలి. అతని వేళ్ళు సి మీద ఉంటాయి, బటన్ ప్లస్ రెండులో (రెండు అర నోట్లు పైన) ఉంటుంది, బయటికి వినబడేది డి. అందుకే కీబోర్డ్ వైపు చూసి స్కేల్ పట్టుకోవడం నేను మానుకున్నాను. "ఏ స్కేల్ అన్నా? వినబడేది చెప్పు" అని అడుగుతాను. అడగడానికి సమయం లేకపోతే అతను పట్టిన మొదటి కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) విని, ఏ తీగ మీదైనా మెల్లగా ఒక నోట్ తాకి సరిచూసుకుంటాను. వాల్యూమ్ తగ్గించి తాకితే జనానికి వినబడదు.

దీనికి సాధన ఎలా చేశానో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే కొత్తవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మొదట పాటలన్నిటికీ కార్డ్ పేర్లు రాసుకునేవాణ్ణి. స్కేల్ మారితే ఆ కాగితం పనికిరాదు. తర్వాత స్వరాలతో రాసుకోవడం మొదలుపెట్టాను. పల్లవిలో బేస్ ‘స’ మీద నుంచి ‘ద’కి, అక్కణ్ణుంచి ‘మ’కి, ‘ప’కి వెళ్తుంది అని రాసుకుంటే అది ఏ శ్రుతికైనా పనికొస్తుంది. ‘స’ ఎక్కడుందో తెలిస్తే చాలు, మిగతావన్నీ దాని చుట్టూ అదే దూరంలో ఉంటాయి. ఇంట్లో ప్రతి పాటనూ మూడు స్కేళ్ళలో వాయించాను: రికార్డింగ్‌లో ఉన్నది, ఒక నోట్ కింద, అర నోట్ పైన. శ్రుతి మార్చే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుంటే అసలు పాటతోనే సాధన చేసుకోవచ్చు. ఆ తర్వాత లైట్ ఆపేసి, మెడ వైపు చూడకుండా వాయించడం. స్టేజీ మీద రంగు లైట్లు తిరుగుతుంటే మెడ మీది ఫ్రెట్ల (అడ్డ కమ్మీల) మధ్య గుర్తుగా ఉండే చుక్కలు కనబడవు. ఈ పనికి నాకు ఒక సీజన్ మొత్తం పట్టింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది నోట్ ఇ, అంటే సుమారు 41 హెర్ట్జ్. ఇ లో ఉన్న పాటను గాయకుడు ఒక నోట్ దించమంటే డి కావాలి. ఆ కింది డి నా గిటార్‌లో లేదు. పై డి వాయిస్తే పాట నడుస్తుంది, కానీ కింద ఉండాల్సిన బరువు పోతుంది. తీగను డి కి దించి శ్రుతి చేసుకోవచ్చు, పాటకీ పాటకీ మధ్య అంత వ్యవధి ఎవరిస్తారు? ఖాళీ తీగ (వేలితో నొక్కకుండా మోగించేది) మీద ఆధారపడిన పాటలతో ఇంకో కష్టం. ఎ తీగను ఖాళీగా మోగించి దాని మీద వేళ్ళు ఆడించే బేస్‌ను అర నోట్ దించితే జి షార్ప్ అవుతుంది. అక్కడ ఖాళీ తీగ లేదు. చేయి నాలుగో ఫ్రెట్ దగ్గర పెట్టుకుని మొత్తం వేలి వరసే మార్చాలి.

చివరికి హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో ఒక అయిదు తీగల బేస్ కొన్నాను. దాని కింది తీగ బి, దాదాపు 31 హెర్ట్జ్. మెడ వెడల్పు, బరువూ ఎక్కువే. పై తీగలు వాయిస్తుంటే ఆ బి తీగ తనంతట తాను మోగుతుంది. దాన్ని బొటనవేలితో నొక్కిపట్టడం అలవాటు చేసుకున్నాను. ఆ గిటార్ వచ్చాక ఏ గాయకుడు ఎంత దించమన్నా "సరే అన్నా" అనగలిగాను. ఆ మాట గాయకుడికి ఎంత ధైర్యమో స్టేజీ ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. పై షడ్జం అందుతుందో లేదో అన్న టెన్షన్‌తో పాడే మనిషి చరణంలో భావం ఏం చూపిస్తాడు?

స్కేల్ తర్వాత డోలక్. మా డోలక్ మాస్టారు నాకంటే వయసులో చాలా పెద్ద. రిహార్సల్‌లో ఒకరోజు, "పాట తర్వాత వినొచ్చు బాబూ, ముందు నా ఎడమ చెయ్యి విను" అన్నారు. డోలక్‌లో లోతైన శబ్దం ఎడమవైపు నుంచి వస్తుంది. జానపదం బాణీలో సిక్స్ ఎయిట్ (ఆరు దెబ్బల) దరువు నడుస్తున్నప్పుడు ఆ ‘గుమ్’, బేస్ నోట్, ప్యాడ్స్‌లో కిక్ డ్రమ్ దెబ్బ మూడూ కలిసి పడాలి. తర్వాత ఆయన ఎడమ చేయి జారుతూ ఒక గమకం ఇస్తుంది. అక్కడ బేస్ ఆగాలి. ఆ ఖాళీ వదిలితేనే కుర్చీలో కూర్చున్న మనిషి కాలు కదులుతుంది. ఇళయరాజా పాటల్లో మాత్రం లెక్క వేరు. అక్కడ బేస్‌కి విడిగా ఒక ట్యూన్ ఉంటుంది, మన ఇష్టానికి వాయించేది కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వేగం తగ్గించి, ఒక్కో నోట్ పట్టుకోవాలి. ఆ శ్రమ పడ్డ పాటలే నాకు ఇప్పటికీ అన్నిటికంటే ఇష్టం.

కరెంటు సంగతి తప్పక చెప్పాలి. ఊరి పందిళ్ళలో జనరేటర్‌కి ఎర్తింగ్ సరిగా ఉండకపోవచ్చు. తీగల మీద చేయి ఉండగా పెదవి మైక్‌కి తగిలితే జివ్వుమంటుంది. అది ప్రాణాలకే ముప్పు. అందుకే స్టేజీ ఎక్కగానే ముందు టెస్టర్ తీసి మైక్ జాలీకి, నా గిటార్ బ్రిడ్జికి పెట్టి చూస్తాను. లైట్ వెలిగితే ఎర్త్ చేసేదాకా ఎవరూ వాద్యం ముట్టుకోరు. కార్యక్రమం ఆలస్యమైతే అవనీ. చవితి వానల్లో ఇది ఇంకా ముఖ్యం.

సౌండ్ విషయంలో పెద్దగా చెప్పేదేం లేదు. డిఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె) సొంతంగా ఉంచుకోవాలి. మార్బుల్ గచ్చు, అద్దాల గోడలు ఉన్న ఫంక్షన్ హాల్లో బేస్ గదంతా తిరుగుతూ గాయకుడి చెవిని కమ్మేస్తుంది. అక్కడ కింది శబ్దాలు (లో) తగ్గించి మధ్య శబ్దాలు (మిడ్) కాస్త పెంచమంటాను. లోపలే సర్క్యూట్ ఉండే యాక్టివ్ గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కేబుల్ తీయకుండా వదిలేస్తే అయిపోతుంది. మా కోస్తా తేమకి తీగలు తొందరగా తుప్పు పడతాయి, ప్రతి ప్రోగ్రామ్ అయ్యాక తుడవాలి.

రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. పెళ్ళి రిసెప్షన్‌లో మగపెళ్ళివారు వచ్చేసరికే ఎనిమిదిన్నర అవుతుంది. అప్పుడు మా లీడర్ పాటలన్నీ కుదించి మెడ్లీ చేస్తాడు. ఒక పల్లవి అయిపోతూనే ఇంకో పాట, ఇంకో స్కేల్. కొత్త ‘స’ను ముందుగా వేయాల్సింది బేసే. అది సరిగ్గా పడితే గాయకుడు కళ్ళు మూసుకుని ఎత్తుకుంటాడు. మా గ్రూపులో పాడే అక్క ఒకసారి మెడ్లీ అయ్యాక వ్యాన్‌లో, "నువ్వు వేసిన ఆ ఒక్క నోటు వింటే నాకు పాట దొరికిపోతుంది తమ్ముడూ" అంది. ఏ పేమెంట్‌తోనూ రాని సంతోషం అది.

పేమెంట్ అంటే గుర్తొచ్చింది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం నెలల్లో పెళ్ళి ముహూర్తాలు ఉండవు. భాద్రపదాన్ని చవితి పందిళ్ళు ఆదుకుంటాయి. ఆషాఢం మాత్రం ఖాళీయే. ఆ నెలలో పిల్లలకు గిటార్ క్లాసులు చెబుతాను. ఒక పెళ్ళిలో వాన పడి ప్రోగ్రామ్ సగంలో ఆగితే సగం డబ్బే ఇచ్చారు. మేము ఊరు దాటి వెళ్ళాం, సామాను దించాం, తడిశాం. దాని లెక్క ఎవరూ కట్టలేదు. అప్పటి నుంచి అడ్వాన్స్ సగానికి పైగా తీసుకుంటేనే వ్యాన్ కదలాలని లీడర్‌తో అందరం గట్టిగా అన్నాం, అలాగే జరుగుతోంది.

అంతకంటే పెద్ద భయం ట్రాక్‌లు, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాద్యాలు. బేస్ ట్రాక్‌లోనే వస్తుంటే మనిషి ఎందుకు అన్న మాట మా గ్రూపులోనూ వచ్చింది. నేను వాదించలేదు. ఒక రిహార్సల్‌లో అదే పాటను ట్రాక్‌తో ఒకసారి, మా అందరితో ఒకసారి చేద్దామన్నాను. పెళ్ళికూతురు స్టేజీ దగ్గరికి వచ్చేదాకా పల్లవి తిప్పి తిప్పి పాడాలంటే ట్రాక్ ఆగదు. గాయకుడు చరణం ముందు ఒక ఆలాపన ఎక్కువ తీసుకుంటే ట్రాక్ అతన్ని వదిలేసి వెళ్ళిపోతుంది. మేము అతనితో ఉంటాం. డోలక్ మాస్టారు కూడా నా పక్షానే మాట్లాడారు. ఇప్పుడు చిన్న పుట్టినరోజు ఫంక్షన్లకు ట్రాక్‌లతోనే వెళ్తున్నారు, పెళ్ళిళ్ళకు, పందిళ్ళకు నన్ను తప్పకుండా తీసుకెళ్తున్నారు. ఇంతకంటే ఎక్కువ కావాలని నాకు ఉంది, దానికి ప్రయత్నం చేస్తూనే ఉంటాను.

ఈమధ్య హైదరాబాద్ సంగీత్ ఫంక్షన్ల నుంచి పిలుపులు వస్తున్నాయి. అక్కడ చెవిలో ఇయర్ మానిటర్లు, వాటిలో లయ తప్పకుండా టక్ టక్‌మనే క్లిక్, లైట్లు కూడా ఆ క్లిక్‌తోనే కలిపి ఉంటాయి. మనుషుల లయకు అలవాటు పడ్డ చేతికి క్లిక్ నేర్పడం ఈ ఆషాఢంలో నేను పెట్టుకున్న పని. రోజూ పొద్దున్న ఒక గంట దానికే. శ్రావణంలో రెండు ప్రోగ్రామ్‌లు ఒప్పుకున్నాను. పాటల లిస్ట్ వచ్చింది, స్కేళ్ళు ఇంకా రాలేదు. రేపు వాళ్ళ గాయనికి ఫోన్ చేసి అడగాలి.